పన్ను తీసేముందు పేగు సంగతి అడగండి

జ్ఞానదంతం పైకి వచ్చే వయసు సాధారణంగా 17 నుంచి 25 ఏళ్లు. క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ వంటి దీర్ఘకాలిక పేగు జబ్బులు ఎక్కువమందిలో బయటపడే వయసు 15 నుంచి 35 ఏళ్లు. కాబట్టి పేగు జబ్బుకు మందులు వాడుతున్న యువతీ యువకులు అడ్డం తిరిగిన జ్ఞానదంతంతో దంతవైద్యుల దగ్గరికి రావడం ఎప్పుడో ఒకసారి జరిగే వింత కాదు, ముందే ఊహించవలసిన సంగతి. అయినా మన ఊళ్లలో పన్ను తీసేముందు రోగిని అడిగే ప్రశ్నలు చాలాచోట్ల మూడే: షుగర్ ఉందా, బీపీ ఉందా, గుండె జబ్బు ఉందా? మూడూ అవసరమైనవే. పొట్ట గురించి, పేగుల గురించి, వాటికి వాడుతున్న మందుల గురించి అడిగేవారు తక్కువ. ఆ లోపం పన్ను తీసిన పూట బయటపడదు. రోగి దూది కరుచుకుని, మందుల చీటీ జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోతారు. ప్రమాదం ఆ చీటీలో ఉంటుంది.

ఆ చీటీ దాదాపు అందరికీ ఒక్కటే. అయిదు రోజులకు యాంటీబయాటిక్, పూటకో నొప్పి బిళ్ల, పరగడుపున వేసుకోవడానికి గ్యాస్ మాత్ర, పుక్కిలించడానికి మందునీళ్లు. ఆరోగ్యంగా ఉన్నవారు దీన్ని తట్టుకుంటారు. పేగుల్లో పుండ్లున్నవారికి, ఆ పుండ్లను అణచడానికి నెలల తరబడి స్టెరాయిడ్లు వాడుతున్నవారికి, ఒకప్పుడు అల్సర్ నుంచి రక్తం పోయినవారికి, కాలేయం దెబ్బతిన్నవారికి అదే చీటీని అదే చేత్తో రాసివ్వడం ప్రమాదకరం. తేలిగ్గా నివారించగల ఈ ప్రమాదాన్ని మన వైద్య వ్యవస్థ పట్టించుకోవడం లేదన్నదే మా ఆందోళన.

క్రోన్స్, కొలైటిస్ వంటివి తెల్లవాళ్ల జబ్బులనీ, పట్నంలో డబ్బున్నవాళ్ల జబ్బులనీ ఒక భ్రమ చాలాకాలం సాగింది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2023లో ప్రచురించిన అధ్యయనం ఆ భ్రమను తొలగించింది. పొట్ట, పేగుల బాధలతో వచ్చిన 30 వేలమందికి పైగా రోగులను పరిశీలిస్తే, వారిలో నూటికి సుమారు అయిదుగురికి ఈ పేగు వాపు జబ్బులు ఉన్నట్టు తేలింది. పల్లెల నుంచి వచ్చినవారికీ పట్నవాసులకూ మధ్య పెద్ద తేడా లేదు. ఇది బాధలున్నవారిలో తీసిన లెక్కేగానీ మొత్తం జనాభాకు వర్తించేది కాదు. అయినా మండల కేంద్రంలో పంటి క్లినిక్ నడిపే వైద్యుడు కూడా ‘నా దగ్గరికి అలాంటివాళ్లు రారు’ అనుకునే రోజులు పోయాయని అది చెబుతోంది. దీనికి తోడు మన దేశంలో పేగు క్షయకూ క్రోన్స్ వ్యాధికీ తేడా పోల్చడం నిపుణులకే కష్టం. నెలల తరబడి టీబీ మందులు వాడాకగానీ అసలు జబ్బు పేరు వినని రోగులు ఎందరో ఉన్నారు. అంటే పంటి కుర్చీలో కూర్చున్నవారిలో కొందరికి తమ జబ్బేమిటో తమకే ఇంకా తెలియదు.

ముందుగా నొప్పి బిళ్లల సంగతి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, కెటోరోలాక్... పంటి నొప్పికి మన దగ్గర ఎక్కువగా రాసేవి ఈ కోవ మందులే. శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారుకాకుండా ఇవి అడ్డుకుంటాయి. ఈ కిటుకును 1971లో వెల్లడించిన బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్‌కు 1982లో నోబెల్ బహుమతి దక్కింది. దవడలో వాపునూ నొప్పినీ పెంచే ఆ పదార్థాలే కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడుతుంటాయి. నొప్పిని ఆపే మందు ఆ కాపుదలనూ తీసేస్తుంది. అందుకే ఈ మందులతో కడుపులో పుండ్లు పడతాయి, ఉన్న పుండ్ల నుంచి రక్తం కారుతుంది, పేగు జబ్బు అణిగి ఉన్నవారిలో కొందరికి అది తిరగబెడుతుంది.

ఈ విషయంలో జనంలో మూడు అపోహలు పాతుకుపోయాయి. ఇంజెక్షన్ రూపంలో తీసుకుంటే పొట్టకు ఏమీ కాదన్నది ఒకటి. నీళ్లలో కరిగే మాత్ర మెత్తగా పనిచేస్తుందన్నది రెండోది. గ్యాస్ మాత్ర వేసుకుంటే ఏ నొప్పి బిళ్లయినా వేసుకోవచ్చన్నది మూడోది. మందు నోటి నుంచి వెళ్లినా సూది నుంచి వెళ్లినా రక్తంలో కలిశాక చేసే పని ఒకటే. నీళ్లలో కరిగించి తాగించే కెటోరోలాక్ ఈ కోవలో తీవ్రమైన మందుల్లో ఒకటి. దాన్ని అయిదు రోజులకు మించి వాడరాదనీ, అల్సర్ ఉన్నవారికీ జీర్ణాశయంలో రక్తస్రావం అయినవారికీ అసలు ఇవ్వరాదనీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రింపజేస్తోంది. ఇక ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు కడుపునూ చిన్నపేగు మొదటి భాగాన్నీ కొంతవరకు కాపాడతాయి. అక్కడి నుంచి కిందికి వాటి రక్షణ అందదు. క్రోన్స్ పుండ్లు ఎక్కువగా ఉండేది చిన్నపేగు చివర. కొలైటిస్ పుండ్లు ఉండేది పెద్దపేగులో. గ్యాస్ మాత్ర ఇచ్చాం కదా అన్న ధీమా ఈ రోగుల విషయంలో చెల్లదు.

ఈ బిళ్ల వేసుకున్న ప్రతి పేగు రోగికీ జబ్బు తిరగబెడుతుందని మేం అనడం లేదు. జబ్బు పూర్తిగా అణిగి ఉన్నప్పుడు కొద్దిరోజుల వాడకం కొందరికి హాని చేయలేదని చూపిన పరిశోధనలూ ఉన్నాయి. కానీ ఎవరికి ఏమీ కాదో, ఎవరికి నాలుగో రోజున రక్త విరేచనాలు మొదలవుతాయో ముందే చెప్పే పరీక్ష లేదు. దంతవైద్యుల మీద నింద మోపడమూ న్యాయం కాదు. పన్ను తీశాక నొప్పికి మొదటి మందుగా ఈ కోవ మందుల్నే వాడమని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. మామూలు రోగికి అది సరైన నియమమే. ఆ నియమం నుంచి ఎవరిని మినహాయించాలో కనుక్కోకుండానే రాసేయడం దగ్గర వస్తోంది చిక్కంతా.

మరి వాళ్లు నొప్పితో వేగవలసిందేనా? అక్కర్లేదు. పారాసిటమాల్ పేగును పుండు చేయదు. సరైన మోతాదులో, వేళ తప్పకుండా వేసుకుంటే చాలా సందర్భాల్లో సరిపోతుంది. అయితే దానికీ హద్దు ఉంది. కాలేయ జబ్బు ముదిరినవారు రోజుకు 2 గ్రాములు దాటరాదని వైద్యులు సాధారణంగా చెబుతారు. 650 మాత్రలు మూడు వేసుకుంటే ఆ హద్దు దాదాపు నిండినట్టే. దంతవైద్యుడు రాసిన ఎసిక్లోఫెనాక్ బిళ్లలోనే పారాసిటమాల్ కలిసి ఉంటే, రోగి నొప్పి తగ్గలేదని దాని మీద మరో పారాసిటమాల్ వేసుకుంటే, లెక్క ఎవరికీ అందదు. ఇలా రెండు మూడు మందులు కలిపిన బిళ్లల్లో హేతుబద్ధత లేని 156 రకాలను కేంద్రం 2024 ఆగస్టులో నిషేధించింది. తక్కువ మోతాదు ఎసిక్లోఫెనాక్-పారాసిటమాల్ మాత్ర అందులో ఒకటి. మిగిలిన మోతాదుల్లో ఆ జోడీ దుకాణాల్లో దొరుకుతూనే ఉంది. ట్రమడాల్ వంటి మత్తు కోవ మందులు కొలైటిస్ తీవ్రంగా ఉన్నవారిలో పేగు కదలికను స్తంభింపజేసి పెద్దపేగు ప్రమాదకరంగా ఉబ్బిపోవడానికి దారితీయవచ్చు. కాబట్టి అదీ తేలిక దారి కాదు.

యాంటీబయాటిక్స్ తెచ్చే ముప్పు ఇంకొంచెం లోతైనది. పేగులో కాపురముండే మేలుచేసే బ్యాక్టీరియాను అవి ఊడ్చేస్తే, ఆ ఖాళీలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే మొండి క్రిమి పెరిగి విషం చిమ్ముతుంది. క్లిండామైసిన్ వాడినవారిలో పెద్దపేగు తీవ్రంగా దెబ్బతింటోందని 1974లోనే అమెరికా వైద్యులు గుర్తించారు. దానికి కారణం ఈ క్రిమేనని 1978లో తేలింది. పెన్సిలిన్ పడనివారికి దంతవైద్యులు ఏళ్ల తరబడి ప్రత్యామ్నాయంగా రాసిన మందు క్లిండామైసినే. గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్ రాకుండా పంటి చికిత్సకు ముందు ఇచ్చే మందుల జాబితా నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో దాన్ని తొలగించింది. క్లిండామైసిన్ ఒక్కటే కాదు, మన దగ్గర విరివిగా రాసే అమాక్సిసిలిన్-క్లావులనేట్‌తో కూడా ఈ ముప్పు ఉంది. పేగు వాపు జబ్బులున్నవారికి ఈ క్రిమి సోకే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ. సోకితే తీవ్రతా ఎక్కువే.

అసలు ఆపద ఇక్కడే మొదలవుతుంది. పన్ను తీయించుకున్న రెండు మూడు వారాలకు కొలైటిస్ రోగికి విరేచనాలు పట్టుకుంటాయి. పాత జబ్బే తిరగబెట్టిందని రోగి అనుకుంటారు. పంటి మందుల సంగతి చెప్పడం తట్టదు, అడగడం పేగు వైద్యుడికీ తట్టకపోవచ్చు. మల పరీక్ష చేయించకుండా స్టెరాయిడ్ మోతాదు పెంచితే లోపల ఇన్‌ఫెక్షన్ మరింత చెలరేగుతుంది. ఈలోగా ఇంట్లోవాళ్లు మందుల దుకాణంలో విరేచనాలు ఆపే బిళ్ల కొని వేస్తే, విషం పేగులోనే నిలిచిపోతుంది. రోజుకు మూడు నాలుగు సార్లకు మించి నీళ్ల విరేచనాలు, జ్వరం, కడుపు ఉబ్బరం, రక్తం కనిపిస్తే ఆ బిళ్ల జోలికి పోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇటీవల ఏ యాంటీబయాటిక్ వాడారో ముందుగా ఆ మాటే చెప్పాలి. మరో విషాదం ఉంది. ఆరోగ్యవంతులకు మామూలుగా పన్ను తీసినప్పుడు యాంటీబయాటిక్ చాలాసార్లు అవసరమే ఉండదు. రోగనిరోధక శక్తి తగ్గినవారికే అది అవసరపడవచ్చు. దాని హాని ఎక్కువగా తగిలేదీ వాళ్లకే. కాబట్టి ఇవ్వాలా వద్దా, ఇస్తే ఏది, ఎన్నాళ్లు అన్నది అలవాటుగా కలం తేల్చే విషయం కాకూడదు.

స్టెరాయిడ్ల కథ వేరు. ప్రెడ్నిసొలోన్ వంటి మందును వారాల తరబడి వాడేవారిలో, శరీరం సొంతంగా తయారుచేసుకోవలసిన కార్టిసాల్ ఉత్పత్తి మందగిస్తుంది. కోత, నొప్పి, ఇన్‌ఫెక్షన్ వంటి ఒత్తిడి ఎదురైనప్పుడు శరీరానికి ఆ హార్మోన్ మరింత కావాలి. సరిగ్గా అప్పుడే మందు ఆగిపోతే రక్తపోటు పడిపోయి, వాంతులై, స్పృహ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. ఆపరేషన్ ఉంది కదా అని, ఖాళీ కడుపుతో రమ్మన్నారు కదా అని, పుండు మానదేమోనన్న భయంతో కొందరు ఆ రోజు మాత్ర మానేస్తారు. అది చేయకూడని పని. చిగుళ్లకు మత్తు ఇచ్చి ఒక పన్ను తీసే చిన్న పనికి సాధారణంగా అదనపు మోతాదు అక్కర్లేదుగానీ, రోజువారీ మోతాదు తప్పకూడదు. పూర్తి మత్తిచ్చి చేసే పెద్ద దవడ శస్త్రచికిత్స అయితే మోతాదు పెంచాలో లేదో పేగు వైద్యుడూ మత్తు వైద్యుడూ కలిసి ముందే నిర్ణయించాలి.

అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్, టోఫాసిటినిబ్ మాత్రలు, ఎనిమిది వారాలకోసారి ఎక్కించే ఇన్‌ఫ్లిక్సిమాబ్, రెండు వారాలకోసారి పొడుచుకునే అడాలిముమాబ్... ఇవన్నీ రోగనిరోధక వ్యవస్థ దూకుడును తగ్గించి పేగును కాపాడే మందులు. అడాలిముమాబ్‌కు భారతీయ సంస్థ తయారుచేసిన చౌక రూపం 2014 చివర్లో మార్కెట్లోకి వచ్చాక ఇలాంటి చికిత్స మధ్యతరగతి ఇళ్లకూ చేరింది. దంతవైద్యుడికి తెలియవలసింది ఏమిటంటే, అజాథయోప్రిన్ కొందరిలో తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. అందుకు దోహదం చేసే జన్యు మార్పు ఆసియావాసుల్లో ఎక్కువ. పన్ను తీసేముందు ఒక సీబీసీ పరీక్ష చేయిస్తే తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. ఖర్చు కొద్ది వందల రూపాయలు. మెథోట్రెక్సేట్ వాడేవారికి నొప్పి బిళ్లలు గానీ అమాక్సిసిలిన్ గానీ ఇస్తే రక్తంలో దాని స్థాయి పెరిగి విషతుల్యం కావచ్చు. పేగు జబ్బులున్నవారికి కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ కనుక కొందరు వార్ఫరిన్ వాడుతుంటారు. పంటి చీముకు రాసే మెట్రోనిడజోల్ ఆ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి రక్తస్రావం ఆగకుండా చేయగలదు. ఇన్ని ముళ్లు పడి ఉన్న చోట మందుల పట్టీ చూడకుండా చీటీ రాయడమంటే కళ్లకు గంతలు కట్టుకుని నడవడమే. అలాగని ఈ మందులన్నిటినీ రోగి సొంతంగా ఆపేయడం అంతకంటే పెద్ద తప్పు. మోతాదు తప్పితే పేగు జబ్బు విజృంభించవచ్చు.

ఎముకలకు వేసే మందులనూ మరవరాదు. స్టెరాయిడ్లు ఎముకలను గుల్లబారుస్తాయి కనుక దీర్ఘకాలం వాడేవారికి వారానికోసారి వేసుకునే అలెండ్రొనేట్ మాత్రో, ఏడాదికోసారి ఎక్కించే జొలెండ్రొనేట్ ఇంజెక్షనో ఇస్తుంటారు. ఈ కోవ మందులు వాడినవారిలో పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా చచ్చుబడిపోవచ్చని 2003 నుంచి వైద్యలోకానికి తెలుసు. ఎముకల గుల్లతనానికి వాడే మోతాదులో ఇది అరుదేగానీ, వస్తే వదిలించుకోవడం కష్టం. ఏడాది కిందట ఒకసారి ఎక్కించుకున్న ఇంజెక్షన్‌ను రోగి మందుల లెక్కలో కలపరు. అందుకే ‘ఇప్పుడు ఏం వాడుతున్నారు’ అని అడిగితే చాలదు, ‘ఎముకల కోసం ఎప్పుడైనా ఇంజెక్షన్ చేయించుకున్నారా’ అని విడిగా అడగాలి.

ఇవన్నీ చదివి పేగు రోగులు పంటి వైద్యానికే భయపడితే మా హెచ్చరిక ఎదురు తిరిగినట్టే. చీము పట్టిన పన్నును దాచుకోవడం ఈ రోగులకు మరింత ప్రమాదం. స్టెరాయిడ్లు జ్వరాన్నీ వాపునూ అణచిపెడతాయి. పైకి చిన్న గడ్డలా కనిపించేది లోపల దవడ కింది పొరల్లోకి పాకి ఉండవచ్చు. నాలుక కింద, గడ్డం కింద గట్టిగా వాచి, మింగడం, ఊపిరి పీల్చడం కష్టమయ్యే స్థితిని జర్మన్ వైద్యుడు లుడ్‌విగ్ 1836లోనే వర్ణించారు. అది గంటల్లో ప్రాణం తీయగలదు. అలాంటప్పుడు పేగు వైద్యుడి అపాయింట్‌మెంట్ కోసం వారం ఆగడం తగదు. పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. తొందర లేని పనులు వేరు. నొప్పి లేని జ్ఞానదంతం, ఇంప్లాంట్, అందం కోసం చేయించుకునే దిద్దుబాట్లు జబ్బు అణిగి ఉన్న కాలానికి వాయిదా వేసుకోవచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి బయోలాజిక్ మందులు మొదలుపెట్టబోయే రోగికైతే పిప్పిపళ్లనూ చీముగడ్డలనూ ముందే బాగుచేయించడం ఉత్తమం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకుండా ఉండే దారి అదే.

ఇంతకీ ఈ అగాధం ఎందుకు ఏర్పడింది? నోటికో వైద్యుడు, పేగుకో వైద్యుడు, ఎముకకో వైద్యుడు, ఎవరికి వారే యమునా తీరే. ఒకరి చీటీ మరొకరి కంట పడే ఏర్పాటు లేదు. రోగి వైపు నుంచి సిగ్గు అడ్డం వస్తుంది. రోజుకు పదిసార్లు విరేచనానికి వెళ్తున్నానని పెళ్లి కావలసిన అమ్మాయి, వెంట వచ్చిన బంధువుల ముందు చెప్పదు. మధ్యలో లేవాల్సి వస్తుందేమోనన్న బెంగతో కుర్చీ ఎక్కడానికే జంకుతుంది. కడుపులో ఏ బాధ ఉన్నా ‘గ్యాస్ ట్రబుల్’ అని సరిపెట్టుకునే అలవాటు వల్ల, జబ్బులేమైనా ఉన్నాయా అంటే లేవనే జవాబు వస్తుంది. పల్లెల్లో పన్ను నొప్పికి తొలి మజిలీ ఆర్ఎంపీ. అక్కడ వేసే సూదిలో నొప్పి మందు ఉందో, స్టెరాయిడ్ ఉందో రోగికి తెలియదు. ఆ తర్వాతి మజిలీ మందుల దుకాణం. డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదన్న షెడ్యూల్ హెచ్ నిబంధన డబ్బా మీది ఎర్ర గీతలోనే మిగిలిపోయింది. గత ఏడాది రాసిన చీటీ చూపించి అవే బిళ్లలు మళ్లీ కొనుక్కోవడం ఇంటింటి వ్యవహారం.

సెలవులకు అమెరికా, బ్రిటన్‌ల నుంచి వచ్చే తెలుగువారికీ ఇది వర్తిస్తుంది. అక్కడ పంటి వైద్యం ఖరీదైనది కనుక రెండు మూడు వారాల సెలవులో పన్ను తీయించుకోవడం, రూట్ కెనాల్, ఇంప్లాంట్ అన్నీ ఇక్కడే ముగించుకునేవారు చాలామంది. వలస వెళ్లిన దక్షిణాసియా కుటుంబాల్లో, ముఖ్యంగా అక్కడే పుట్టి పెరిగిన తరంలో పేగు వాపు జబ్బులు ఎక్కువగా కనిపిస్తున్నాయని బ్రిటన్, కెనడా పరిశోధనలు చెబుతున్నాయి. వాళ్ల వైద్య వివరాలు అక్కడి ఆసుపత్రి కంప్యూటర్‌లో ఉంటాయి, పన్ను ఇక్కడ తీస్తారు, ఆ తర్వాతి విరేచనాలు మళ్లీ అక్కడ మొదలవుతాయి. బయోలాజిక్ మోతాదు ఏ తేదీన పడాలో, పన్ను ఏ తేదీన తీయాలో ప్రయాణానికి ముందే అక్కడి వైద్యుడితో మాట్లాడుకోవాలి. రెండు వైపుల మందుల వివరాలూ చేతిలో ఉండాలి.

చేయవలసిన పనులు ఖరీదైనవేమీ కావు. ప్రతి పంటి క్లినిక్‌లోనూ చికిత్సకు ముందు రోగి నింపే తెలుగు ప్రశ్నాపత్రం తప్పనిసరి కావాలి. అందులో జబ్బు పేర్లు అడిగితే చాలదు. రక్తంతో గానీ నల్లగా గానీ విరేచనం అయిందా, నిద్రలోంచి లేచి విరేచనానికి వెళ్తున్నారా, ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించుకున్నారా, నెలకో రెండు నెలలకో ఇంజెక్షన్ వేయించుకుంటున్నారా అని అడగాలి. ఒక్కదానికి అవునన్నా పేగు వైద్యుడికి ఫోన్ చేసి మాట్లాడాకే చీటీ రాయాలి. నోటిలో పదేపదే మానని పుండ్లు, వాచిన పెదవులు, బుగ్గ లోపల రాళ్లు పరిచినట్టు కనిపించే పొర క్రోన్స్ వ్యాధి గుర్తులు కావచ్చు. కొన్నిసార్లు జబ్బును తొలిసారి పట్టుకునే అవకాశం దంతవైద్యుడిదే.

పేగు వైద్యులకూ బాధ్యత ఉంది. జబ్బు నిర్ధారించిన రోజే ప్రతి రోగికీ ఒక కాగితం ఇవ్వాలి. జబ్బు పేరు, వాడుతున్న మందులు, వాడకూడని నొప్పి బిళ్లలు, జాగ్రత్త పడవలసిన యాంటీబయాటిక్స్, అత్యవసరంలో పిలవవలసిన ఫోన్ నంబరు అందులో ఉండాలి. 14 అంకెల ఆభా ఆరోగ్య ఖాతా నంబరును ప్రభుత్వం అందరికీ ఇస్తానంటోంది. పంటి క్లినిక్‌లను కూడా ఆ గొలుసులో కలిపితేనే దాని ప్రయోజనం నెరవేరుతుంది. 1948 నాటి దంతవైద్యుల చట్టం స్థానంలో జాతీయ దంతవైద్య కమిషన్‌ను తెచ్చే చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. బీడీఎస్ విద్యార్థులు జనరల్ మెడిసిన్ చదువుతున్నారు. ఆ చదువు పరీక్ష హాలు దాటి కుర్చీ పక్కకు రావాలంటే, రోగి పూర్వ చరిత్ర నమోదును క్లినిక్‌ల కనీస ప్రమాణాల్లో చేర్చవలసింది ఆ కొత్త వ్యవస్థే. నొప్పి బిళ్లలూ యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా అమ్మే దుకాణాలపై రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలు ఏడాదికోసారి మొక్కుబడి దాడులతో సరిపెట్టకుండా నిరంతర నిఘా ఉంచాలి.

ఆ ఏర్పాట్లు వచ్చేదాకా పేగు రోగులూ వాళ్ల ఇంటివాళ్లూ తమ జాగ్రత్తలో తామే ఉండాలి. వాడే మందులన్నీ, ఖాళీ స్ట్రిప్పులతో సహా, ఒక సంచిలో వేసుకుని పంటి డాక్టరు ముందు పెట్టండి. నొప్పికి ఏం రాస్తున్నారో కుర్చీ దిగకముందే అడగండి. రోజువారీ స్టెరాయిడ్‌ను ఏ కారణంతోనూ మానకండి. పన్ను తీయించుకున్నాక కారం తగ్గించి మెత్తటి అన్నం, జావ తీసుకోండి. పాలు పడని పొట్టయితే ఐస్‌క్రీమ్ జోలికి పోకండి. మూడు నాలుగు రోజులకు తగ్గవలసిన నొప్పి పెరిగితే, మూడు వారాల తర్వాతైనా విరేచనాలు మొదలైతే ఇద్దరు వైద్యులకూ చెప్పండి. తొందర లేని పన్నును ఆ ఇద్దరూ మాట్లాడుకున్నాకే తీయించుకోండి. చీము పట్టిన పన్నును మాత్రం ఒక్క రాత్రి కూడా దాచుకోకండి.